పతకము అంచున చెక్కిన పేరు



మా యింట పూజామందిరము క్రింది అఱలో ఒక చిన్న చెక్కపెట్టె కలదు. అందు మా తాతగారి తమ్ముని పతకము భద్రముగా నున్నది. ముదురు రాగిరంగు గల గుండ్రని బిళ్ల అది. ఒకవైపున ఐదవ జార్జి చక్రవర్తి ముఖము. రెండవవైపున గుఱ్ఱముమీది పురుషుడు, 1914, 1918 అను రెండు సంవత్సరములు. మా తాతగారు ప్రతి విజయదశమికిని దానిని చింతపండుతో తోమి, కుంకుమబొట్టు పెట్టి, ఆయుధములతోపాటు పూజలో నుంచెడివారు. "మీ చిన్నతాత తుపాకి పట్టి తురుష్కులతో పోరాడి బస్రాలో వీరస్వర్గము పొందినాడురా" అని పిల్లలమగు మాకు చెప్పెడివారు. మేమును బడిలో తోడి పిల్లలకు గర్వముతో చెప్పుకొనెడివారము.

ఈ కథ చెప్పునపుడెల్ల మా చిన్నమామ్మ, అనగా ఆ చిన్నతాతగారి భార్య, నోరు మెదపక కూర్చుండెడిది. ఆమెకు పదుమూడవ యేట వివాహమైనది. పదునాఱవ యేట భర్త పోయినాడు. 1961లో ఆమె గతించువఱకు మాతోనే యుండెను. ఒకమాఱు మాత్రము, తాతగారు లేని సమయమున, నా తల నిమురుచు "మీ చిన్నతాతకు బరువులెత్తటం అలవాటే నాయనా" అన్నది. తుపాకికథలో బరువుల ప్రసక్తి యేమో నాకప్పుడు తెలియలేదు. తెలియుటకు అఱువది యేండ్లు పట్టినది.

నేను ఉద్యోగము విరమించిన పిమ్మట, ఆయన సేవావృత్తాంతమును కాగితముల ఆధారముతో తెలిసికొనవలెనని సంకల్పించితిని. అందులకు కారణము చెప్పెదను. ఆయన చనిపోయిన తిథి మాకు తెలియదు. తిథి తెలియనివారికి చేయు రీతిని మహాలయ అమావాస్యనాడే ఆయనకు తిలోదకములు విడుచుచు వచ్చితిమి. నా తరముతో ఆ మాత్రము జ్ఞాపకము కూడ అంతరించునేమో యను దిగులు నన్ను వదలలేదు.

ముందుగా ఆ యుద్ధమునుగూర్చి రెండు మాటలు. 1914లో ఐరోపాలో పుట్టిన మహాయుద్ధములో తురుష్క సామ్రాజ్యము జర్మనీ పక్షము చేరెను. 1914 నవంబరులో ఇండియానుండి వెళ్లిన సేన మెసపొటేమియాలో దిగి, ఆ నెలలోనే బస్రా రేవును పట్టుకొనెను. ఆ దేశమునే నేడు ఇరాకు అనుచున్నాము. అటుపిమ్మట కూట్ అను ఊర 147 దినములు ముట్టడిలో చిక్కిన సేన 1916 ఏప్రిలు 29న శత్రువునకు లొంగిపోయెను. తిరిగి బలము కూర్చుకొని 1917 మార్చి 11న బాగ్దాదును గైకొనిరి. ఆ నాలుగేండ్లలో మన దేశమునుండి సముద్రము దాటి వివిధ రంగములకు పోయినవారు సుమారు 13 లక్షలు. తిరిగి రానివారు 60 వేలకు పైబడిరి. మెసపొటేమియాకు పోయిన మనవారిలో ఇంచుమించు సగముమంది చేత ఆయుధము లేనివారే. ఈ తుది మాటను మీరు జ్ఞాపకమందుంచుకొనవలెనని మనవి.

నా వెదకులాటకు మొదటి ఆధారము ఆ పతకమే యైనది. ఆ యుద్ధపు పతకముల అంచున, రూపాయి అంచు గళ్లవలె, పొందినవాని సంఖ్య, హోదా, పేరు, దళము చెక్కియుండునని ఒక విశ్రాంత సైనికోద్యోగి నాకు చెప్పెను. ఏటేట చింతపండుతో తోముటచే ఆ యక్షరములు చాలవఱకు అఱిగిపోయినవి. అంచుకు సుద్దపొడి రాచి, దీపమును ప్రక్కగా పెట్టి, భూతద్దముతో చూచితిని. ఒక్కొక్క ఇంగ్లీషు అక్షరము పైకి తేలెను. మొదట సంఖ్య. పిమ్మట "కూలీ" అను మాట. ఆపైన మా చిన్నతాతగారి పేరు. చివర "లేబరు కోరు", అనగా కూలిదళము.

చూచినది నమ్మలేక ఆ సైనికోద్యోగినే మరల అడిగితిని. ఆయన పతకమును చేతబట్టి త్రిప్పి చూచి, "అంచు చదువనక్కఱలేదండీ, లోహమే చెప్పుచున్నది" అనెను. ఆ పతకమును సైనికులకు వెండితో పోసిరట. కూలిదళములవంటి వానిలో పనిచేసినవారికి కంచుతో పోసిరట. మా యింట నూఱేండ్లుగా తోముచున్నది వెండి కాదు, కంచు.

ఈ సంగతి మా పెదనాన్నగారి కుమారునితో చెప్పగా అన్నగారికి కోపము వచ్చినది. "ఒరే తమ్ముడూ, వందేళ్లుగా తుపాకి పట్టాడని చెప్పుకుంటున్నాం. ఇప్పుడు మూటలు మోశాడని ఊరందరికీ చెపుతావా? ఆ అద్దం లోపల పెట్టెయ్యి" అనెను. నేను బదులు చెప్పలేకపోతిని. నా మనస్సును అంత నెమ్మదిగా లేదు. కొన్ని నెలలు ఆ పెట్టె తెఱువలేదు.

తుదకు, ఆ కూలిదళములు బస్రాలో ఏమి చేసినవో చదువ నారంభించితిని. బస్రా షట్-అల్-అరబ్ నదిపై నున్న రేవు. యుద్ధారంభమున అచట పెద్ద యోడలు ఆనుటకు తగిన ఘట్టములు లేవు. ఓడలు నదిమధ్యమున లంగరు వేసి వారములతరబడి నిలుచుండెడివి. సరకంతయు నాటుపడవలలోనికి దింపి ఒడ్డు చేర్పవలసివచ్చెడిది. రోడ్లు లేవు, వరదకాలమున నేలయంతయు నీరు. ఒకవైపు కూట్‌లో సేన ఆకలితో మాడుచుండగా, వేఱొకవైపు బస్రాలో సామగ్రి ఒడ్డుకు చేరక ఓడలలో పడియుండెను. ఆ దుర్వ్యవస్థను, రోగులు గాయపడినవారు పడిన పాట్లను విచారణసంఘము 1917లో బయటపెట్టగా, భారతదేశ వ్యవహారముల మంత్రి ఆస్టెన్ చేంబర్లేన్ ఆ జూలైలోనే రాజీనామా చేసెను.

ఆ స్థితిని చక్కబఱచినది ఫిరంగులు కావు. మకీల్ వద్ద ఓడఘట్టములు కట్టిరి, వరదకు కట్టలు వేసిరి, రోడ్లు పోసిరి, 1916 చివరకు బస్రానుండి నాసిరియావఱకు రైలుదారి వేసిరి. మన్ను త్రవ్వినవారు, దూలములు మోసినవారు, సంచులు దింపినవారు కూలిదళములవారు. 1916లో కూట్‌లో ఓడిన పక్షము 1917లో బాగ్దాదు చేరినదన్న, నడుమ ఈ పని జరుగుటయే ముఖ్యకారణములలో నొకటి. తుపాకి పట్టినవానికి గుండు అందించినది మూపున మూట మోసినవాడే. ఇది చదివిన రాత్రి చిన్నమామ్మ మాట నాకు జ్ఞాపకము వచ్చినది. ఆమెకు మొదటినుండియు తెలియును. తాకట్టులోనున్న రెండెకరముల పొలము విడిపించుటకై కూలిదళములో చేరుచున్నానని ఆయన ఆమెకు చెప్పియే పోయియుండును. తుపాకికథ మగవారు కల్పించుకొన్నది.

ఇక మరణదినము. యుద్ధమృతుల సమాధులను, స్మారకములను కాపాడుటకు 1917లో ఏర్పడిన సంఘమొకటి కలదు. దానినిప్పుడు కామన్వెల్తు యుద్ధసమాధుల సంఘమందురు. దాని పట్టికలను నేడు ఎవరైనను చూడవచ్చును. నేనును మా మనుమరాలును ఒక వేసవి యంతయు వానిని వెదకితిమి. చిక్కేమనగా, మన పేర్లను చెవికి వినబడినట్లు వ్రాసికొన్న గుమాస్తాలకు తెలుగు రాదు. వెంకటస్వామి యనునది ఒకచోట వెంకటసామి, ఒకచోట వెన్కటసామి, వేఱొకచోట యెంకటస్వామి యగును. ఇంటిపేరు తఱచుగా ఉండనే యుండదు. కాని పలుచోట్ల తండ్రిపేరు, ఊరు, తాలూకా, జిల్లా వ్రాసియుందురు. మా ఊరు నాడు గోదావరి జిల్లాలోనిది. 1925లో అది తూర్పు గోదావరి యైనది. ఈ పాత పేరుతో వెదకగా, నాలుగవ విధమైన వర్ణక్రమముతో ఆయన దొరకెను. తండ్రిపేరు మా ముత్తాతగారిది. ఊరు మాది. సంఖ్య పతకము అంచున నున్నదే. తేది: 1917 జూలై 6.

ఆ జూలై మెసపొటేమియాలో అగ్నివృష్టివంటిది. 11వ తేదిని రమాదీ పట్టణముపై జరిపిన దాడి, శత్రువుల గుండ్లకంటె ఎండవేడిమిచేతనే విఫలమయ్యెను. నెత్తిన నీడగల సైనికునికే ఆ గతి యైనచో, రేవులో బరువులెత్తువాని సంగతి మనమే ఊహింపవచ్చును.

పాత పంచాంగము తీసి చూచితిని. పింగళ నామ సంవత్సర ఆషాఢ బహుళ విదియ, శుక్రవారము. అంతకుముందు పౌర్ణమిరాత్రి సంపూర్ణ చంద్రగ్రహణము. మా ఊర ఆ రాత్రి పట్టుస్నానములు, విడుపుస్నానములు చేసియుందురు. పదునాఱేండ్ల మా చిన్నమామ్మయు గోదావరిలో మునిగి, దూరదేశమున నున్న భర్త క్షేమమును కోరియుండును.

ఆయన జ్ఞాపకార్థమని పట్టికలో చూపినది బస్రా స్మారకము. అది 1929లో మకీల్ వద్ద ఆవిష్కృతమై, 1997లో నాసిరియా పోవు దారికి తరలింపబడెను. నలువదివేలకు మించిన మృతులకు అది స్మారకము. కాని వినుడు: ఆ రాతిపలకలపై బ్రిటిషువారి పేర్లు, మన సేనాధికారుల పేర్లు చెక్కిరి గాని, మన సామాన్య సైనికులకు, పనివారికి పేర్లు చెక్కలేదు. ఫలానా దళము, ఇంతమంది అని లెక్క మాత్రము వ్రాసిరి. పేర్లు పుస్తకములలో నుండిపోయినవి. ఇట్లు ఆసియా, ఆఫ్రికా ఖండములవారికి స్మారకవిషయమున అసమానత జరిగినదని ఆ సంఘమే 2021లో నివేదిక వెలువరించి క్షమాపణ చెప్పికొనెను.

దూరమేల? మద్రాసు రాజధానిలో పలు గ్రామములలో ఆనాడు పాతిన రాతిపలకలను మీలో కొందఱు చూచియుందురు. ఈ గ్రామమునుండి ఇంతమంది మహాయుద్ధమునకు పోయిరి, ఇంతమంది ప్రాణములర్పించిరి, అని యుండును. అచటను లెక్కయే, పేరు లేదు. లెక్క ప్రభుత్వమునకు చాలును. ఇంటివారికి పేరు కావలెను. తర్పణము విడుచువాడు సంఖ్య చెప్పి విడువడు గదా!

కాబట్టి పెద్దలకు నా విన్నపము. మీ యిండ్లలో ఇట్టి పతకములున్నచో తోమకుడు. అంచున నున్నది చదివి వ్రాసికొనుడు. రెండవ యుద్ధమున ఇండియా సైనికుల కిచ్చిన నక్షత్రాకార పతకములకు వెనుకవైపున పేరు చెక్కియుండును. సంఖ్య, తండ్రిపేరు, ఇంటిపేరు, ఊరు, నాటి తాలూకా, నాటి జిల్లా ఒక కాగితముమీద వ్రాసి పిల్లల కిండు. ఆడువారు చెప్పిన మాటను త్రోసివేయకుడు. మన కథకు సరిపడని మాటయే ఒక్కొక్కప్పుడు నిజమునకు త్రోవ చూపును.

గడచిన ఆషాఢ బహుళ విదియనాడు నేను మొదటిసారి ఆయన తిథికి తిలోదకములు విడిచితిని. పిలువకుండనే అన్నగారు వచ్చి ప్రక్కన కూర్చుండెను. కార్యము ముగిసిన పిమ్మట పతకమును చేతిలోనికి తీసికొని, అంచు తడిమి, "ఆ పొలం ఇప్పటికీ మనదేగదరా" అనెను. ఆ రెండెకరములలోనే మేమిప్పటికిని వరి పండించుకొనుచున్నాము.