చేతిపని చదువు – చెన్నపట్నం నేర్చిన పాఠాలు



మీ వంటింట్లో సత్తు గిన్నె ఒకటైనా ఉండే ఉంటుంది. ఆ గిన్నెకూ చెన్నపట్నంలోని ఒక బడికీ చుట్టరికం ఉంది. ఈవేళ ఆ కథ చెప్పుకుందాం.

1850లో అలెగ్జాండర్ హంటర్ అనే వైద్యుడు తన సొంత పూనికతో చెన్నపట్నంలో ఒక కళల బడి తెరిచాడు. కొద్దికాలానికే ప్రభుత్వం దానిని తన చేతిలోకి తీసుకుంది. పూనమల్లి హైరోడ్డులోని నేటి ప్రభుత్వ లలితకళల కళాశాల అదే.

1897లో ఆ బడి బాధ్యత ఆల్ఫ్రెడ్ చాటర్టన్‌కు వచ్చింది. ఆయన ఇంజనీరింగు ఆచార్యుడు. పని నేర్పితే చాలదు, నేర్చిన పనికి గిరాకీ కూడా ఉండాలన్నది ఆయన ఆలోచన. ఇత్తడి, రాగి పాత్రలకు ఎప్పటికప్పుడు కళాయి వేయించాలి. లేకుంటే పులుసు చిలుమెక్కుతుంది. అల్యూమినియానికి ఆ బెడద లేదు. కంచరివాని సుత్తి నేర్పు ఈ కొత్త లోహానికీ పనికివస్తుందని గ్రహించి, 1898లో బడిలోనే పాత్రల తయారీ మొదలుపెట్టించాడు. పని లాభసాటి అని తేలాక, 1903లో ఆ విభాగాన్ని ఒక కంపెనీకి అమ్మివేశారు. తోళ్లను క్రోమ్ పద్ధతిలో పదును చేయడమూ ఆయన చేపట్టాడు. కపిల తోలే రైతుల బానలకు నీటిలో నానినా చెడని తోలు కావాలి కదా!

అయితే ప్రభుత్వమే సరుకు తయారుచేసి అమ్మితే మా వ్యాపారం ఏం కావాలని ఐరోపా వర్తకులు అభ్యంతరం చెప్పారు. 1910లో ఇండియా మంత్రి లార్డ్ మోర్లీ, పని నేర్పండి కానీ వ్యాపారం చేయవద్దని ఉత్తర్వు పంపాడు. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ పని దొరికే దారి మూసి, పని నేర్పే బడిని మాత్రం ఉంచితే, ఆ పిల్లవాడు పట్టా పట్టుకుని ఎక్కడికి పోవాలి?

రెండో పాఠం 1953 నాటిది. మన తెలుగు జిల్లాలు ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజులవి. ముఖ్యమంత్రి రాజాజీ పల్లెల్లోని ప్రాథమిక పాఠశాలల వేళలను రోజుకు మూడు గంటలకు తగ్గించారు. మిగిలిన పొద్దు పిల్లలు ఇంటి పని నేర్చుకోవాలన్నారు. బడులూ పంతుళ్లూ చాలని కాలంలో రెండు పూటలా వేర్వేరు పిల్లలకు చదువు చెప్పవచ్చునని ఆయన వాదన. కానీ చాకలి బిడ్డ చాకిరేవుకే, కుమ్మరి బిడ్డ సారె దగ్గరికే పోవాలా అని జనం అడిగారు. కులవిద్య పథకమని దానికి పేరు పడింది. పెరియార్ ఉద్యమం నడిపారు. 1954లో కామరాజ్ ముఖ్యమంత్రి అయ్యాక ఆ పథకాన్ని ఎత్తివేశారు.

చూశారా, శ్రోతలారా! చేతిపని చదువుకు రెండు కాళ్లు కావాలి. ఒకటి, నేర్చిన పనికి కూలి గిట్టే చోటు. రెండు, ఏ పని నేర్చుకోవాలో ఎంచుకునే స్వేచ్ఛ. చాటర్టన్ మొదటిదాన్ని చూపాడు. 1953 పథకం రెండోదాన్ని మరచింది. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ఫ్యాక్టరీలోనే పని నేర్పి, నేర్చుకునేవానికి భత్యం ఇవ్వాలన్నది. అది మొదటి కాలును నిలబెట్టే ప్రయత్నమే.

సత్యవేడు నుంచో, తిరుత్తణి నుంచో మీ అబ్బాయినో అమ్మాయినో ఐ.టి.ఐ.లో చేర్చడానికి బయలుదేరే ముందు రెండు మాటలు అడగండి. బిడ్డను, నీకు ఇష్టమేనా అని. బడివారిని, ఇక్కడ నేర్చినవారు ఇప్పుడు ఎక్కడ పని చేస్తున్నారు అని. ఆ రెంటికీ జవాబు దొరికితే ధైర్యంగా చేర్చండి.