ఇంటర్మీడియట్ తుది ఫలితంలో ప్రథమ సంవత్సరపు మార్కుల స్థానం

ఇంటర్మీడియట్ ద్వితీయ సంవత్సర ఫలితాలు వెలువడిన మరునాడు పత్రికలలో ప్రముఖంగా కనిపించే 1000 మార్కుల మొత్తం ఆ ఒక్క ఏడాది పరీక్షలకు సంబంధించినది కాదు. రెండేళ్ల పబ్లిక్ పరీక్షల మార్కులను కలుపగా వచ్చిన మొత్తమది. దానిలో సగానికి కొంచెం తక్కువ భాగం అభ్యర్థి అంతకు ఏడాది మునుపే, అనగా పదవ తరగతి దాటిన తొలి సంవత్సరంలోనే, సంపాదించుకొన్నదై ఉంటుంది. ఈ విషయం తల్లిదండ్రులలో పలువురికి ద్వితీయ సంవత్సరపు మెమో చేతికి వచ్చిన పిదప గాని తెలియదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1971లో ఏర్పడిన ఇంటర్మీడియట్ విద్యామండలి పరిధిలోను, 2014లో రాష్ట్ర విభజన అనంతరం ఉభయ రాష్ట్రాల మండళ్ల పరిధిలోను పలు సంవత్సరాల పాటు అమలైన మార్కుల విభజన ఈ విధంగా ఉన్నది. గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు చదివే ఎం.పి.సి. విద్యార్థికి ప్రథమ సంవత్సరంలో ఆంగ్లం 100, ద్వితీయ భాష 100, గణితం రెండు పేపర్లకు 75 చొప్పున 150, భౌతిక, రసాయన శాస్త్రాలకు 60 చొప్పున 120, వెరసి 470 మార్కులు. ద్వితీయ సంవత్సరంలో ఇవే పేపర్లకు 470, ప్రాక్టికల్స్‌కు 60, వెరసి 530. బై.పి.సి. విద్యార్థికి ప్రథమ సంవత్సరంలో 440, ద్వితీయ సంవత్సరంలో నాలుగు సబ్జెక్టుల ప్రాక్టికల్స్ 120తో కలిపి 560. కనుక ఒక విద్యార్థికి ప్రథమ సంవత్సరంలో 435 మార్కులు వచ్చినవని వ్రాసేటపుడు గ్రూపు పేరును కూడా పేర్కొనడం అవసరం. బై.పి.సి.లో అది దాదాపు పూర్తి మార్కులు, ఎం.పి.సి.లో కాదు.

రెండేళ్ల మొత్తం 750 లేక ఆపైన ఉన్నచో 'ఎ' గ్రేడు, 600 నుండి 749 వరకు 'బి', 500 నుండి 599 వరకు 'సి', 350 నుండి 499 వరకు 'డి' గ్రేడుగా నిర్ణయించారు. ప్రతి సబ్జెక్టులోను 35 శాతం తప్పనిసరి. ప్రథమ సంవత్సరంలో తప్పిన విద్యార్థిని తరగతిలో నిలిపివేయరు. ద్వితీయ సంవత్సరంలోకి వెళ్లి, తప్పిన సబ్జెక్టును అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీలో గాని మరుసటి మార్చి పరీక్షలలో గాని వ్రాసుకొనవచ్చును. ఉత్తీర్ణుడైనప్పటికీ మార్కులు చాలలేదనుకొన్న విద్యార్థికి ఇంప్రూవ్‌మెంట్ అవకాశం కలదు. ఏటా వేసవిలో సప్లిమెంటరీ కేంద్రాలలో తప్పినవారితో పాటు ఇట్టి విద్యార్థులు కూడా కూర్చొనుటకు కారణమిదే.

వేయి మార్కులలో నాలుగు వందలు భాషలవే. మంచి మార్కుల కొరకు తెలుగును విడిచి సంస్కృతాన్ని ద్వితీయ భాషగా ఎంచుకొనే అలవాటు, ముఖ్యంగా ప్రైవేటు కళాశాలలలో, ఈ లెక్క వల్లనే బలపడినది. అయితే ఎంసెట్ ర్యాంకుకు భాషల మార్కులను ఎన్నడూ పరిగణించలేదు.

ఎంసెట్‌లో ప్రవేశపరీక్షకు 75 శాతం, ఇంటర్ గ్రూపు సబ్జెక్టులకు 25 శాతం వెయిటేజీ ఇచ్చే పద్ధతిలో గ్రూపు మార్కులను 600కు లెక్కించేవారు. ఇందులో ప్రథమ సంవత్సరపు వాటా ఎం.పి.సి.కి 270, బై.పి.సి.కి 240. ప్రవేశపరీక్షలో 160కి 80, గ్రూపులో 540 వచ్చిన అభ్యర్థికి 37.5, 22.5 కలిపి 60 మార్కులు వస్తాయి. పరీక్షలో 84 తెచ్చుకొని గ్రూపులో 480 వద్ద ఆగిన అభ్యర్థికి 59.375 మాత్రమే. ప్రవేశపరీక్షలో నాలుగు మార్కులు ఎక్కువ వచ్చినవాడు ర్యాంకులో వెనుకబడినాడు. ఈ పద్ధతిలో ప్రవేశపరీక్ష మార్కు ఒకటి, ఇంటర్ గ్రూపు మార్కులు పదకొండుంబావుకు సమానం.

కోవిడ్ కాలంలో ఈ లెక్కలన్నియు తారుమారైనవి. 2020 మార్చిలో ప్రథమ సంవత్సర పరీక్షలు వ్రాసిన విద్యార్థులకు 2021లో ద్వితీయ సంవత్సర పరీక్షలు జరుగలేదు. తెలంగాణలో ప్రథమ సంవత్సరపు మార్కులనే ద్వితీయ సంవత్సరానికి కూడా వేసి, ప్రాక్టికల్స్‌కు పూర్తి మార్కులు ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో పదవ తరగతి మార్కులకు 30 శాతం, ఇంటర్ ప్రథమ సంవత్సరానికి 70 శాతం ప్రాతిపదికగా తీసుకొన్నారు. తమ తుది ఫలితం ఆ పరీక్షల మీదనే ఆధారపడగలదని వ్రాసే నాటికి ఆ విద్యార్థులలో ఎవరికిని తెలియదు.

వారి తరువాతి బ్యాచి పరిస్థితి వేరు. తెలంగాణలో వారిని పరీక్ష లేకుండానే ద్వితీయ సంవత్సరానికి పంపి, 2021 అక్టోబరు, నవంబరులలో ప్రథమ సంవత్సర పరీక్షలు నిర్వహించారు. డిసెంబరులో వెలువడిన ఫలితాలలో 49 శాతం మంది మాత్రమే ఉత్తీర్ణులైనారు. తీవ్ర ఆందోళనల అనంతరం ప్రభుత్వం అదే నెలలో తప్పిన వారందరికీ కనీస ఉత్తీర్ణతా మార్కులు ప్రకటించింది. దీనితో వారు గట్టెక్కినారు గాని, ఆ సబ్జెక్టులలో 35 శాతం మార్కులే మెమోకు ఎక్కినవి. మేలైన మార్కులు కోరినవారు మరల వ్రాయవలసి వచ్చింది.

2021, 2022 సంవత్సరాలలో ఉభయ రాష్ట్రాలలోను ప్రవేశపరీక్షలో ఇంటర్ వెయిటేజీని పక్కన పెట్టారు. ఆ పిమ్మట రెండు రాష్ట్రాలు రెండు దారులు పట్టినవి. 2023లో తెలంగాణ ప్రభుత్వం వెయిటేజీని శాశ్వతంగా తొలగించగా, ఆంధ్రప్రదేశ్ అదే సంవత్సరం ఈఏపీసెట్‌లో 25 శాతం వెయిటేజీని పునరుద్ధరించింది. జాతీయ స్థాయిలోను ఇట్టి ప్రయోగం జరిగింది: 2013 నుండి 2016 వరకు జేఈఈ మెయిన్ ర్యాంకులో బోర్డు మార్కులకు 40 శాతం వాటా ఉండేది. 2017లో దానిని రద్దు చేసి, బోర్డు మార్కులను అర్హతకు మాత్రమే పరిమితం చేశారు.

వెయిటేజీ లేనంత మాత్రాన ఇంటర్ మార్కులతో పని లేదనుకొనుట సరికాదు. తెలంగాణలో 2016లో ప్రారంభమైన 'దోస్త్' విధానంలో డిగ్రీ సీట్లను ఇంటర్ మార్కుల ఆధారంగానే కేటాయిస్తూ వచ్చారు.

మార్కుల విభజనలోను మార్పులు వచ్చినవి. తెలంగాణలో 2023-24 నుండి ఆంగ్లంలో 20 మార్కులను ప్రాక్టికల్స్‌కు కేటాయించారు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రథమ సంవత్సరపు పబ్లిక్ పరీక్షలనే ఎత్తివేయు ప్రతిపాదనపై 2025 జనవరిలో మండలి అభిప్రాయాలు కోరి, తరువాత దానిని విరమించుకొన్నది. అయితే 2025-26లో ప్రథమ సంవత్సరంలో చేరిన వారికి గణితం రెండు పేపర్లను ఒక్కటిగా చేశారు. కనుక పైన తెలిపిన పేపర్ల వారీ మార్కుల విభజన ఆ బ్యాచికి వర్తించదు.