కారు తాళంచెవి పోయినప్పుడు: కొత్తది చేయించుకోవడంతోపాటు పాతదానిని రద్దు చేయించుకోవాలి

కారు తాళంచెవి పోగొట్టుకున్న వాహనదారులు సాధారణంగా కొత్తది చేయించుకొని ఊరట చెందుతుంటారు. పోయిన తాళంచెవి మాత్రం కారులోని కంప్యూటరు దృష్టిలో చెల్లుబాటుగానే మిగిలిపోతుంది. అది దొరికినవారు కారు ఎక్కడుందో తెలుసుకోగలిగితే తలుపు తెరిచి, ఇంజిను స్టార్టు చేసి, ఏ పనిముట్టూ లేకుండా తీసుకుపోవచ్చు. ఈ విషయంలో పాత్రికేయులకు, రవాణా, పోలీసు అధికారులకు ఉపకరించే సమాచారం ఈ క్రింద పొందుపరచడమైనది.

తాళంచెవి తిప్పి ఇంజిను స్టార్టు చేసే పద్ధతిని అమెరికాలో క్రైస్లర్ సంస్థ 1949లో ప్రవేశపెట్టింది. ఆ తరువాత చాలాకాలం తాళంచెవి కేవలం ఇనుప ముక్కగానే ఉండేది. దాని గాట్లు సరిపోతే చాలు, లేదా స్టీరింగు క్రింది తీగలను కలిపితే చాలు, ఇంజిను స్టార్టయ్యేది. 1986లో షెవర్లే కార్వెట్ కారు తాళంచెవిలో చిన్న విద్యుత్ నిరోధకాన్ని అమర్చారు. అయితే ఆ నిరోధకాల విలువలు మొత్తం 15 మాత్రమే. పదిహేను రకాలూ దగ్గర పెట్టుకున్న దొంగకు ఏదో ఒకటి సరిపోక తప్పదు గనుక, తప్పుడు తాళంచెవి పెడితే కొన్ని నిమిషాలపాటు ఇంజిను స్టార్టు కాకుండా మరో ఏర్పాటు చేయవలసి వచ్చింది.

నేడు మన రోడ్లపై తిరుగుతున్న కార్లలో అధికశాతం వాడుతున్నది ట్రాన్స్‌పాండర్ పద్ధతి. తాళంచెవి పిడిలో బ్యాటరీ అవసరం లేని సూక్ష్మ చిప్ ఉంటుంది. ఇగ్నిషన్ చుట్టూ అమర్చిన రాగితీగ చుట్ట సుమారు 125 కిలోహెర్ట్జ్ పౌనఃపున్యంలో ఆ చిప్‌కు శక్తిని అందిస్తుంది. కారు ఒక సంఖ్యను పంపుతుంది. చిప్ తనలోని రహస్య సంకేతంతో లెక్కించి సమాధానం చెబుతుంది. సమాధానం సరైనదైతేనే ఇంజినుకు ఇంధనం అందుతుంది. దీనినే ఇమ్మొబిలైజర్ అంటారు. ఐరోపా దేశాలు 1998 అక్టోబరు నుంచి కొత్త కార్లన్నిటికీ, ఆస్ట్రేలియా 2001 నుంచి, కెనడా 2007 సెప్టెంబరు నుంచి దీనిని తప్పనిసరి చేశాయి.

అమెరికా అలా చేయలేదు. ఆ దేశంలో 2011 తరువాత పదేళ్ళపాటు విక్రయించిన హ్యుందాయ్, కియా కార్లలో చాలావాటికి ఇమ్మొబిలైజర్ లేదు. స్టీరింగు క్రింది తొడుగు ఊడదీసి, యు.ఎస్.బి. తీగ కొసతో ఇగ్నిషన్ తిప్పే విధానం 2021, 2022 సంవత్సరాలలో సామాజిక మాధ్యమాల వీడియోల ద్వారా వ్యాపించి, పలు నగరాలలో ఈ కార్ల దొంగతనాలు విపరీతంగా పెరిగాయి. 2023 ఫిబ్రవరిలో ఈ సంస్థలు ఉచిత సాఫ్ట్‌వేర్ సవరణ అందించవలసి వచ్చింది. ఒక చిన్న చిప్ విలువ ఎంతో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కరలేదు.

తాళంచెవి పోయినప్పుడు రెండవది ఇంట్లో ఉంటే పని సులభం. కొత్త కారుతోపాటు వచ్చే చిన్న లోహపు బిళ్ళపై ఉన్న సంకేత సంఖ్య, పదిహేడు అక్షరాంకెల ఛాసిస్ నంబరు, ఆర్.సి., యజమాని గుర్తింపు పత్రం చూపితే అధీకృత సర్వీసు కేంద్రం కొత్తదానిని తెప్పిస్తుంది. అనేక కార్లలో పాత తాళంచెవులన్నిటినీ మెమరీ నుంచి తొలగించి, అప్పుడు చేతిలో ఉన్నవాటిని మాత్రమే తిరిగి నమోదు చేస్తారు. అందువల్ల మిగిలిన తాళంచెవులన్నీ వెంట తీసుకువెళ్ళాలి. పని పూర్తయ్యాక ఎన్ని తాళంచెవులు నమోదై ఉన్నాయో పరీక్షా యంత్రం చూపగలిగిన కార్లలో ఆ సంఖ్యను జాబ్ కార్డుపై వ్రాయించుకోవాలి. దీనిని అడిగేవారు అరుదు.

రోడ్డు ప్రక్కన తాళంచెవులు చేసేవారిలో నైపుణ్యం గలవారు చాలామందే ఉన్నారు. అయితే వారు కొన్ని సందర్భాలలో మిగిలిన తాళంచెవిలోని చిప్‌కు నకలు తీసి ఇస్తారు. ఈ పద్ధతిలో కారు మెమరీని ముట్టుకోవడమే జరగదు. ఇంజిను స్టార్టవుతుంది, ఖర్చు తగ్గుతుంది. పోయిన తాళంచెవి చెల్లుబాటూ అలాగే ఉంటుంది. మరొక విషయం, మెమరీ నుంచి తొలగించిన తరువాత కూడా పాత తాళంచెవి ఇనుప భాగం తలుపు తెరవగలదు. కారు కదలదు గాని లోపలి వస్తువులకు రక్షణ ఉండదు. తాళంచెవి, చిరునామా ఉన్న పత్రాలు ఒకే సంచిలో పోయిన సందర్భాలలో తాళాలు కూడా మార్పించుకోవడం ఉచితం.

తాళంచెవులన్నీ పోతే వ్యవహారం క్లిష్టమవుతుంది. తయారీదారు వద్ద ఉండే రహస్య పిన్ అవసరమవుతుంది. కొన్ని నమూనాలలో ఇమ్మొబిలైజర్ విభాగాన్నే మార్చవలసి వస్తుంది. 1990ల మధ్యకాలపు ఫియట్ కార్లతో ఎర్ర పిడి గల ప్రధాన తాళంచెవి ఇచ్చేవారు. కొత్తవాటిని నమోదు చేయాలంటే అదే కావాలి గనుక, అది పోతే ఇంజిను కంప్యూటరునే మార్చే పరిస్థితి ఉండేది.

బటన్ నొక్కి స్టార్టు చేసే కార్లలో తాళంచెవి జేబులో ఉంటే చాలు. దాని బ్యాటరీ అయిపోతే పోయినట్లు కంగారు పడనవసరం లేదు. పిడిలో దాగిన ఇనుప తాళంచెవితో తలుపు తెరిచి, చాలా కార్లలో పిడిని స్టార్టు బటన్‌కు ఆనించి ఇంజిను స్టార్టు చేయవచ్చు. ఈ సౌకర్యానికి ఒక బలహీనత ఉంది. ఇంటి గుమ్మం వద్ద ఒకరు, కారు వద్ద మరొకరు పరికరాలతో నిలిచి, లోపల ఉన్న తాళంచెవి సంకేతాన్ని కారు వరకు చేరవేయగలరు. జ్యూరిచ్ ఇ.టి.హెచ్. పరిశోధకులు 2011లో ఎనిమిది సంస్థల పది కార్లపై దీనిని నిరూపించారు. బ్రిటన్ ప్రభుత్వం ఇటువంటి పరికరాలను కలిగి ఉండటాన్నే నేరంగా పరిగణించే నిబంధనలతో 2025 ఫిబ్రవరిలో బిల్లు ప్రవేశపెట్టింది. తాళంచెవిని రాత్రివేళ లోహపు డబ్బాలో ఉంచడం చవకైన రక్షణ. సంకేతం ప్రయాణించిన కాలాన్ని కొలిచి దూరాన్ని నిర్ధారించే అల్ట్రా వైడ్‌బ్యాండ్ పద్ధతి కొత్త కార్లలో ప్రవేశించింది.

చిప్‌లోని రహస్య సంకేతాలూ అభేద్యం కావు. నలభై బిట్ల సంకేతాన్ని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ, ఆర్.ఎస్.ఎ. పరిశోధకులు 2005లోనే ఛేదించారు. మరొక చిప్‌లోని లోపంపై వ్రాసిన పరిశోధనా పత్రం ప్రచురణను ఫోక్స్‌వ్యాగన్ సంస్థ 2013లో లండన్ హైకోర్టు ద్వారా నిలిపివేయించగా, అది 2015లో గాని వెలుగు చూడలేదు.

ఇక పోలీసు ఫిర్యాదు విషయం. తాళంచెవి జారిపోయి ఉంటే పోగొట్టుకున్నట్లు, ఎవరైనా అపహరించి ఉంటే భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ క్రింద దొంగతనంగా ఫిర్యాదు చేయాలి. ఆర్.సి. కూడా పోతే నకలు కోసం రవాణా శాఖకు ఫారం 26లో దరఖాస్తు చేసుకోవాలి. కారు చోరీ అయినప్పుడు బీమా సంస్థలు సాధారణంగా రెండు తాళంచెవులనూ అప్పగించమని కోరతాయి. ఒకటే చూపగలిగిన యజమానికి, రెండవది పోయిన నాడే తీసుకున్న ఫిర్యాదు రసీదు, సర్వీసు కేంద్రం బిల్లు ఆధారాలుగా నిలుస్తాయి. చోరీ తరువాత తెచ్చిన రసీదుకు ఆ బలం ఉండదు. డ్రైవరు తాళంచెవిని లారీలోనే వదిలి దిగగా లారీ చోరీకి గురైన ఒక కేసులో, బీమా మొత్తంలో 75 శాతం చెల్లించాలని సుప్రీంకోర్టు 2023లో ఆదేశించింది. అనగా యజమాని పావు వంతు నష్టపోయాడు. కొత్త తాళంచెవి ఖర్చు సాధారణ పాలసీలో చేరదు. దానికి ప్రత్యేక అదనపు రక్షణ తీసుకొని ఉండాలి.

పాత కారు కొనేవారి విషయంలో ఈ సమస్య మరింత తీవ్రమైనది. విక్రేత ఒక తాళంచెవిని తన వద్దే ఉంచుకొని, అమ్మిన కారునే తిరిగి అపహరించిన కేసులు దేశంలో నమోదయ్యాయి. యాజమాన్య బదిలీకి సమర్పించే 29, 30 నంబరు ఫారాలలో తాళంచెవుల ప్రస్తావన లేదు. కాబట్టి ఎన్ని తాళంచెవులు అప్పగించినదీ విక్రయ రసీదులో వ్రాయించుకొని, కారు చేతికి వచ్చిన వెంటనే సర్వీసు కేంద్రంలో మిగిలినవాటి నమోదును తొలగింపజేసుకోవాలి.