ప్రాజెక్ట్ మైత్రి

బడి పిల్లలు సిగరెట్, బీడీ, గుట్కా వంటి పొగాకు ఉత్పత్తులకు అలవాటు పడకుండా చూసేందుకు 2004–2006 మధ్య ఢిల్లీ, చెన్నై పాఠశాలల్లో అమలైన పరిశోధనాత్మక నివారణ కార్యక్రమం ప్రాజెక్ట్ మైత్రి. ఢిల్లీలోని ‘హృదయ్’ స్వచ్ఛంద సంస్థ, అమెరికా పరిశోధకురాలు షెరిల్ పెర్రీ బృందం దీన్ని నిర్వహించాయి. ఉస్మానియా వైద్య కళాశాలలో చదివిన హృద్రోగ నిపుణుడు కె. శ్రీనాథ్ రెడ్డి పరిశోధకుల్లో ఒకరు.

ప్రభుత్వ, ప్రైవేటు బడులు కలిపి 32 ఎంచుకుని, యాదృచ్ఛికంగా సగానికి కార్యక్రమాన్ని అందించారు. మిగిలినవి పోలిక కోసం. 6, 8 తరగతుల విద్యార్థులు పాల్గొన్నారు. ఆరంభ సర్వేలో 8వ తరగతి వారికంటే 6వ తరగతి పిల్లల్లోనే పొగాకు వాడకం ఎక్కువగా కనిపించింది. హైస్కూలు దాకా ఆగితే ఆలస్యమవుతుందని చెప్పే ఈ ఫలితం అధ్యయనంలో అత్యంత కీలకమైనది.

పాఠాల భారం ఉపాధ్యాయుడి మీదే పెట్టలేదు. శిక్షణ పొందిన తోటి విద్యార్థులు చిన్న బృందాల్లో చర్చలు నడిపారు. తోటివారి ఒత్తిడికి లొంగకపోవడం, ప్రకటనల ఆకర్షణను గుర్తించడం, పొగాకు నియంత్రణకు గళమెత్తడం వాటిలో అంశాలు. బడిలో పోస్టర్లు అంటించారు, తల్లిదండ్రులకు పోస్టుకార్డులు పంపారు.

రెండేళ్లలో పోలిక బడుల్లో పొగాకు వాడకం 68 శాతం పెరగగా, కార్యక్రమం నడిచిన బడుల్లో 17 శాతం తగ్గింది. ఈ ఫలితాలు 2009లో ప్రచురితమయ్యాయి.

పిల్లలను పొగాకుకు దూరంగా ఉంచేందుకు చట్టం కూడా ఉంది: విద్యాసంస్థలకు 100 గజాల లోపు పొగాకు అమ్మకాన్ని, 18 ఏళ్లలోపు వారికి విక్రయాన్ని 2003 నాటి కేంద్ర చట్టం నిషేధిస్తోంది.