సొరుగు దాటిన కేటలాగు కార్డు

1901లో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తాను అచ్చువేసిన కేటలాగు కార్డులను మిగతా గ్రంథాలయాలకు అమ్మడం మొదలుపెట్టింది. అరచేతిలో ఇమిడే అట్టముక్క అది: వెడల్పు 12.5 సెంటీమీటర్లు, ఎత్తు 7.5. కింది అంచున ఒక చిల్లు. అందులోంచి సన్నటి కడ్డీ దూరిస్తే కార్డు సొరుగులోంచి ఊడిరాదు. వాషింగ్టన్‌లోని ఆ గ్రంథాలయంలో ఒకరు శ్రద్ధగా రాసిన వివరం ఊరూరి సొరుగుల్లోకి చేరింది. ఒకే పుస్తకానికి మళ్లీ మళ్లీ కార్డు రాసే చాకిరీ తగ్గింది.

1960ల్లో కంప్యూటర్ ప్రోగ్రామర్ హెన్రియెట్ ఆవ్రమ్ ఆ కార్డును యంత్రం చదివేలా మార్చింది. రచయితకు 100, పుస్తకం పేరుకు 245, ఇలా ప్రతి వివరానికీ ఒక సంఖ్య. అదే మార్క్ పద్ధతి. 1969 నుంచి ఈ రికార్డులు టేపుల మీద గ్రంథాలయాలకు వెళ్లాయి. గొప్ప పనే. అయితే 245 అంటే ఏమిటో గ్రంథాలయాల కంప్యూటర్లకే తెలుసు. వెబ్ వచ్చాక కూడా అంత శ్రమా బయటివాళ్లకు అందకుండా ఉండిపోయింది.

పేర్ల చిక్కు మరొకటి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1962లో తెరిచిన న్యూఢిల్లీ కార్యాలయం ద్వారా తెలుగు పుస్తకాలూ వాషింగ్టన్ చేరుతున్నాయి. శ్రీశ్రీ అన్నా, శ్రీరంగం శ్రీనివాసరావు అన్నా ఒకరేనని మనకు తెలుసు. యంత్రానికి ఎవరు చెప్పాలి? గురజాడ ఇంటిపేరునే ఇంగ్లిషు అక్షరాల్లో రెండు రకాలుగా రాస్తారు. వెబ్‌ను రూపొందించిన టిమ్ బెర్నర్స్-లీ 2006లో వివరించిన లింక్డ్ డేటా పద్ధతి సరిగ్గా ఇక్కడే అక్కరకొస్తుంది. పేరు ఎన్ని రకాలుగా రాసినా మనిషికి ఒకటే వెబ్ చిరునామా. పుస్తకానికి ఒకటి, విషయానికి ఒకటి. ‘ఈ పుస్తకానికి రచయిత ఈ వ్యక్తి’ అనే చిన్న వాక్యాలుగా రికార్డు విడిపోతుంది. ఏ దేశపు గ్రంథాలయమైనా తన పుస్తకాన్ని ఆ చిరునామాకు ముడివేయవచ్చు.

2008లో స్వీడన్ జాతీయ గ్రంథాలయం తన ఉమ్మడి కేటలాగు లిబ్రిస్‌ను ఇలా వెబ్‌లో పెట్టింది. ఒక దేశపు ఉమ్మడి కేటలాగు లింక్డ్ డేటాగా రావడం అదే మొదలు. అదే ఏడాది లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఉద్యోగి ఎడ్ సమర్స్ అక్కడి విషయ శీర్షికలను ప్రయోగంగా ఒక సైటులో పెట్టాడు. డిసెంబరుకల్లా అది మూతపడింది. చిరునామా పోతే దానికి ముడివేసినవాళ్లందరి లింకులూ తెగిపోతాయి. 2009లో ఆ గ్రంథాలయమే తన సొంత చిరునామాతో శీర్షికలను తెచ్చింది. ఇలాంటి పనికి ఒక్కరి ఉత్సాహం చాలదు, సంస్థ పూచీ ఉండాలి.

లింకు ఉంటే సరిపోదు, వాడుకునే హక్కూ ఉండాలి. 2011లో బ్రిటిష్ లైబ్రరీ తన జాతీయ గ్రంథసూచిని సీసీ జీరో కింద, అంటే ఎవరైనా ఏ షరతూ లేకుండా వాడుకునేలా, లింక్డ్ డేటాగా విడుదల చేసింది. మరుసటి ఏడు హార్వర్డ్ గ్రంథాలయాలు అదే సీసీ జీరో కింద 1.2 కోట్ల రికార్డులు ఇచ్చేశాయి. అవి మాత్రం అప్పటికి మార్క్ రూపంలోనే ఉన్నాయి.

2018లో లిబ్రిస్ తన కేటలాగు పనిని మొత్తం లింక్డ్ డేటా మీదికే మార్చేసింది. స్టాక్‌హోమ్‌లో కొత్త పుస్తకం చేతికొచ్చిన ఉద్యోగి ఇప్పుడు రచయిత ఎవరో వెతికి పట్టుకుని, ఆ మనిషికి పుస్తకాన్ని ముడివేస్తాడు.