షిఫా తరువాత రోజీ

బీమారితో ఉన్న మనిషికి మందు ఇప్పించటం పుణ్యకార్యమని మన సొసైటీ సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు. అయితే మందు తిని లేచినవాడు తిరిగి పనిలోకి ఎట్లా పోవాలి అనే ప్రశ్న దగ్గర మనం తరచు ఆగిపోతున్నాం. ఈ ప్రశ్న నేటిది కాదు. దీని చరిత్రను క్లుప్తంగా మనవి చేయదలచాము.

సుల్తాన్ మన్సూర్ ఖలావూన్ 1284లో కైరో నగరంలో ఒక పెద్ద దవాఖానా కట్టించాడు. తఖ్తు ఎక్కకముందు డమాస్కస్‌లో జబ్బుపడి అక్కడి నూరీ దవాఖానా మందులతో కోలుకున్నాడనీ, అప్పుడే ఈ సంకల్పం చేసుకున్నాడనీ చరిత్రకారులు రాశారు. వక్ఫ్ రాబడితో నడిచిన ఈ దవాఖానాలో బీదా గొప్పా, ఆడా మగా తేడా లేకుండా వైద్యం చేశారు. నయమై ఇంటికి పోయే రోగి చేతిలో కొంత సొమ్ము పెట్టి పంపేవారట. ఒళ్లు కుదుటపడకముందే పొట్టకోసం పనికి పరుగెత్తరాదని వారి ఉద్దేశం. ఎంత ముందుచూపు!

ఇక ఇంగ్లండు సంగతి. మొదటి ప్రపంచయుద్ధం నాటికి క్షయకు సరైన మందు లేదు. నెలల తరబడి శానిటోరియంలో విశ్రాంతి తీసుకున్నవాడు ఇంటికి పోయి పాత బరువు పని ఎత్తుకుంటే రోగం తిరగబెట్టేది. డాక్టర్ పెండ్రిల్ వారియర్-జోన్స్ 1916లో కేంబ్రిడ్జ్‌షైర్‌లో ఒక కాలనీ ప్రారంభించి, 1918లో పాప్‌వర్త్‌కు మార్చాడు. అక్కడ రోగులు వడ్రంగం చేశారు, ట్రంకుపెట్టెలు తయారుచేశారు, పనికి మజూరీ పుచ్చుకున్నారు, భార్యాబిడ్డలతో అక్కడే ఇళ్లలో ఉన్నారు. రోజుకు ఎన్ని గంటల పని అనేది మేస్త్రీ కాదు, డాక్టరు నిర్ణయించేవాడు.

తరువాత మందులు వచ్చాయి. 1956లో మద్రాసులో 193 మంది క్షయరోగులను రెండు భాగాలు చేసి, కొందరికి శానిటోరియంలో, కొందరికి ఇంటివద్దనే ఏడాదిపాటు మందులిచ్చారు. ఇంట్లో ఉన్నవారికి తిండి తక్కువ, శ్రమ ఎక్కువ. అయినా 1959లో ఫలితాలు వెలువడేసరికి రెండు వర్గాలకూ గుణం దాదాపు సమానంగానే కనిపించింది. మంచం కాదు, మందు ముఖ్యమని తేలింది. రోగి ఇల్లూ వాకిలీ, పనీ పాటా విడిచి ఏళ్లతరబడి దూరాన ఉండే అవసరం తప్పింది.

మరి మన దగ్గర ఏం జరుగుతోంది? ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చినవారిని ప్రభుత్వ సంస్థలు తీసివేయరాదని 1995 చట్టమూ, దాని స్థానంలో వచ్చిన 2016 చట్టమూ చెప్పాయి. కాని దర్జీకి, మెకానిక్‌కి, హమాలీకి ఆ రక్షణ ఎక్కడిది? టి.బి. అన్న మాట వినగానే యజమాని "ఇక రావద్దు" అంటాడు. సరిగ్గా మందులు వాడితే కొద్ది వారాల్లోనే అంటించే గుణం బాగా తగ్గుతుందని అతనికి ఎవరూ చెప్పరు. మాబోటి ఉర్దూ బడి పంతుళ్లకు ఇది హాజరుపట్టీలో కనిపిస్తుంది. తండ్రి పని పోయిన కొద్దిరోజులకే పెద్దపిల్లవాడి పేరు ఎదుట గైర్‌హాజరు మొదలవుతుంది. ఆరా తీస్తే ఏ హోటల్లోనో గ్లాసులు కడుగుతూ ఉంటాడు. తండ్రికి నయమవుతుంది గాని పిల్లవాడి చదువు మళ్లీ రాదు.

కనుక మందుల ఖర్చుతోపాటు మరి మూడు పనులు సొసైటీ తలపెట్టాలని మా విన్నపం. డాక్టరు సలహాతో ఇద్దరు పెద్దలు యజమాని వద్దకు పోయి మాట్లాడటం, మొదటి నెలల్లో సగం పూట పనికి ఒప్పించి తగ్గిన కూలిని భర్తీ చేయటం, పాత పని చేయలేనివారికి జకాత్ సొమ్ముతో కుట్టుమిషనో తోపుడుబండో ఇప్పించటం.

సహాయం అడగవచ్చిన అన్సారీ ఇంటినుంచి దుప్పటి, గిన్నె తెప్పించి, రెండు దిర్హములకు అమ్మించి, ఒక దిర్హముతో గొడ్డలి కొనిపించి, తమ చేతులతోనే పిడి బిగించి ఇచ్చిన మన ప్రవక్త (స.అ.స.) ఉదంతం అందరూ విన్నదే. మన సోదరులు చాలామందికి చేతుల్లో పని ఉంది. పిడి బిగించేవారే కావాలి.