బొంతలో తవారీఖ్

నానీమా కుట్టిన బొంతను పాతదని మేమే పారేశాం. ఉత్తర కన్నడ జిల్లా సిద్దీల గురించి చదివాక ఆ అఫ్సోస్ మొదలైంది.

పోర్చుగీసువాళ్లు గోవాకు గులాములుగా తెచ్చిన ఆఫ్రికన్ల ఔలాద్ వాళ్లలో చాలామంది. పారిపోయి అడవుల్లో స్థిరపడ్డారు. ముస్లింలూ, క్రైస్తవులూ, హిందువులూ ఉన్నారు. తవారీఖ్ కితాబుల్లో వాళ్ల ఆడవాళ్ల పేర్లు వెతికినా దొరకవు. వాళ్ల హునర్ మాత్రం 'కవంది' అనే బొంతలో మిగిలింది.

కొత్తగా కుట్టేవాళ్లకు వాళ్ల తరీకా ఆసాన్. అడుగున పాత చీర పరచాలి. ఒక మూలన మొదలుపెట్టి, అంచు వెంట పాతగుడ్డల ముక్కలు పెడుతూ, సాదా టాంకాలతో చుట్టూ తిరిగి నడుమకు చేరాలి. మూలల్లో 'ఫుల', అంటే మడిచిన గుడ్డపూలు. అవి లేని కవంది నంగా అంటారు.

అమ్మీ పాత దుపట్టా తీశాను. సూదిలో దారం ఎక్కించి ఇచ్చింది అమ్మీయే.